మా ముందరి అర్రలో సర్కారు సొమ్ము

ఆ రోజుల్లో సూర్యాపేటలో ఎవరైనా మన ఇంటికి వచ్చి వెళితే, ఆ మనిషి ఎందుకు వచ్చాడా అని ఇంటిల్లిపాదీ ఆలోచనలో పడేవాళ్లం. పాత సర్కారు పోయి మిలిటరీ పాలన వచ్చినా ఆ అలవాటు పోలేదు. క్యాంపు నుంచి పోలీసులు వచ్చి, సర్కారు మీద తిరగబడి అడవిలో ఉన్నవాళ్లకు ఎవరు అన్నం పెడుతున్నారని అడిగేవారు. అడవిలో ఉన్నవాళ్ల మనుషులు వచ్చి, క్యాంపుకు కబుర్లు ఎవరు మోస్తున్నారని అడిగేవారు. ఇద్దరికీ తెలియదనే చెప్పేవాళ్లం. చింతపండు అడగడానికి వచ్చిన పక్కింటామె కూడా మాట్లాడుతూ మాట్లాడుతూ మా లోపలి అర్రలోకి తొంగిచూసేది. నేను ఆమె ఇంటికి వెళ్లినప్పుడు నేనూ అదే పని చేసేదాన్ని.

అటువంటి రోజుల్లో మా ఇంటి ముందరి అర్ర సర్కారు మీటింగులకు చోటైంది.

మా ఆయనది ధాన్యం వ్యాపారం. ఆయన అన్నగారికి, అంటే మా బావగారికి, మిర్యాలగూడలో బియ్యం మిల్లు ఉండేది. ఆస్తి ఉమ్మడి, పెత్తనం బావగారిది. కొత్తగా వచ్చిన సర్కారు మా ప్రాంతపు అవసరాలకు కొంత సొమ్ము మంజూరు చేసి, దాన్ని దేని మీద ఖర్చు పెట్టాలో చెప్పమని స్థానిక పెద్దలతో ఒక సలహా సంఘం వేసింది. సూర్యాపేట తరఫున మా ఆయన, మిర్యాలగూడ తరఫున బావగారు, కోదాడ తరఫున ఒక ముసలి రైతు అందులో సభ్యులు. అన్నదమ్ములిద్దరినీ ఒకే సంఘంలో ఎవరు వేయించారని ఊరు గుసగుసలాడింది. నాకూ అదే అనుమానం. సంఘానికి పెద్ద తహసీల్దారు. ఆయన మద్రాసు వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు. తాలూకా కచేరీ నిండా సిపాయిలు ఉండడంతో వారానికోసారి మా ఇంట్లోనే చాప పరిచి కూర్చునేవాళ్లు.

చాయ్ కాచి పంపడం నా పని. వంటింటికీ ముందరి అర్రకూ మధ్య ఒక తలుపు ఉండేది. అది సరిగ్గా మూసుకునేది కాదు.

మొదటి మీటింగులోనే తగవు పడింది.

"మా రోడ్డు మీద వాగు తూము కూలి ఏడాదయిందండీ. వానొస్తే అవతలి ఊళ్లు అవతలే ఉండిపోతాయి. జబ్బు పడ్డ మనిషిని మంచం మీద మోసుకొస్తున్నాం," అన్నాడు కోదాడ రైతు.

"రోడ్డు ఏడికి పోతది? ముందుగాల గోదాం గావాలె," అన్నాడు బావగారు. "లెవీ కింద రైతుల కాడ తీసుకున్న వడ్లు వానకు తడిసి మొలకలొస్తున్నయి. మిర్యాలగూడల గోదాం లేకుంటే సర్కారుకే నష్టం."

"దవాఖానల ఆడోళ్లకు అర్ర లేదు," అన్నాడు మా ఆయన. "మొగోళ్ల నడుమ కాన్పులు చేస్తున్నరు. జర ఆలోచించండ్రి."

తహసీల్దారు నిట్టూర్చాడు. "మీరు ముగ్గురూ మూడు మాటలు చెప్తే నేను పైకి ఏమని రాసేది? ఈలోగా పోలీసు క్వార్టర్లకు ఆ సొమ్ము ఇమ్మని పైనుంచి అడుగుతున్నారు."

మా ఆయన చేత దవాఖాన మాట అనిపించింది మా ఇంట్లో జరిగిన విషయమే. అంతకుముందు ఏడాది నా మొదటి బిడ్డ దవాఖాన వసారాలో పుట్టి, ఏడవకుండానే పోయింది. చాటు కోసం మా అత్తమ్మ ఒక దుప్పటి పట్టుకుని నిలబడింది. ఆ దుప్పటికి అవతల ఎవరో బీడీ కాలుస్తూ తన కాలి పుండు సంగతి చెబుతున్నాడు. ఆ గొంతు నాకు ఇప్పటికీ గుర్తుంది.

నా పుట్టిల్లు కోదాడ అవతల, అనంతగిరి దిక్కున ఒక పల్లె. మా నాన్నగారు జగ్గయ్యపేటలో బడిపంతులుగా చేసి విరమించారు. నేనూ అక్కడే చదువుకున్నాను. పెళ్లయి సూర్యాపేట వచ్చాక నాన్నగారికి ఉత్తరాలు రాస్తుండేదాన్ని. కిరసనాయిలు దొరకలేదనీ, కంట్రోలు బట్ట రెండు ఉతుకులకే జల్లెడ అయిందనీ, ఊరి చుట్టూ కంచెలు వేయడానికి సర్కారు దగ్గర ఇనుము ఉంది కానీ దవాఖానకు మంచాలు చేయించడానికి లేదనీ రాసేదాన్ని. నాన్నగారు ఒకసారి అందులోని నాలుగు మాటలు కాగితం మీదకి ఎత్తి బెజవాడలోని ఒక వారపత్రికకు పంపారు. వాళ్లు అచ్చువేసి, ఇంకా కావాలన్నారు. అప్పటినుంచి నేను నాన్నగారికి రాయడం, ఆయన తన చేతిరాతతో తిరగరాసి పంపడం జరుగుతూ వచ్చింది. కింద పేరు ఉండేది కాదు. 'ఊళ్లో ఒకడు' అని ఉండేది. ఒకడు అని నాన్నగారే పెట్టారు. ఆడపిల్ల మీదకి ఎవరి చూపూ పోకూడదని.

కూతురు తండ్రికి ఉత్తరం రాయడంలో ఎవరికీ వింత కనిపించలేదు. మా అత్తమ్మ మాత్రం ఒకటి రెండుసార్లు, "మీ నాయనకు అంతంత ఏం రాస్తవే కోడలా, ఎడ్లు పోయినట్టు?" అంది. ఏం కూర చేశానో రాస్తున్నానని చెప్పాను.

సంఘం తగవు కూడా రాశాను. ఎవరి పేరూ పెట్టలేదు. సర్కారు సొమ్ము అంటున్నారు గానీ, అది మా వాకిళ్లలో కొలిచి తీసుకుపోయిన వడ్లేనని రాశాను. ఇంటి సొమ్ము ఖర్చుపెట్టే ముందు ఇంట్లోవాళ్లను అడుగుతారు, ఊరి సొమ్ము ఖర్చుపెట్టే ముందు ఊరినెందుకు అడగరని రాశాను. చివర, "ముందు పోలీసులకు ఇళ్లు కట్టి, మిగిలితే జనానికి దవాఖాన కడతారట. అప్పటికి జనం మిగలాలి కదా," అని రాశాను.

ఆ పత్రిక బస్సులో వచ్చి తహసీల్దారు చేతిలో పడింది. తరువాతి మీటింగులో ఆయన దాన్ని చాప మీద పరిచి, ఆ చివరి వాక్యం గట్టిగా చదివాడు. నేను తలుపు ఇవతల చాయ్ గిన్నె పట్టుకుని నిలబడిపోయాను. నా మాటలు ఒక మగగొంతులో వినడం అదే మొదటిసారి. భయంతో పాటు కొంచెం గర్వం కూడా కలిగింది.

"ఈ అర్రలో అన్న మాటలివి. బయటికి ఎలా పోయాయి?" అన్నాడు తహసీల్దారు.

బావగారు కోదాడ రైతు వైపు తిరిగాడు. "గీ పత్రిక మీ దిక్కునుంచే గద వచ్చేది?"

"బస్సు మా ఊరి మీదుగా వస్తే రాసింది నేనంటారా?" అన్నాడు ముసలాయన. "నాకు వేలిముద్ర తప్ప రాదు. మీ తమ్ముడిల్లే కదా ఇది. మీరే చూసుకోండి."

ఆ రోజు నుంచి వాళ్లు ఒకరినొకరు చూసుకునే చూపు మారిపోయింది. మాట అనబోయి మింగేసేవాళ్లు. బావగారు వచ్చి కూర్చునే ముందు అరుగు మీదకి వెళ్లి చూసి వచ్చేవాడు. నన్ను ఎవరూ చూడలేదు. చాయ్‌లో చక్కెర తక్కువైందని మాత్రం ఒకసారి తహసీల్దారు అన్నాడు.

రెండో వ్యాసం కూడా అచ్చయ్యాక అనుమానం మా గుమాస్తా మీద పడింది. ఆయన మా దుకాణంలో పద్దులు రాసే నడివయసు మనిషి. మీటింగు జరిగేటప్పుడు పక్కన వసారాలోనే పెట్టె ముందు కూర్చుని ఉండేవాడు. పత్రికలు చదివే అలవాటు ఉంది. పైగా ఆయన మేనల్లుడెవరో అడవిలోకి పోయాడని ఊళ్లో మాట.

"నాకు మొదటిసంది వాని మీదనే అనుమానం," అని బావగారు మా ఆయనతో అనడం విన్నాను. "తహసీల్దారు సాబ్ చెవిల ఒక్క మాటేస్తే సాలు. క్యాంపోళ్లు అరుసుకుంటరు."

క్యాంపువాళ్లు అరుసుకోవడం అంటే ఏమిటో అందరికీ తెలుసు. మా వీధి చివరి కుమ్మరాయనను అట్లాగే తీసుకుపోతే, తిరిగొచ్చాక ఆయన చక్రం ముందు కూర్చోలేకపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం మా ఆయన భోజనానికి వచ్చినప్పుడు, అత్తమ్మ పక్కింటికి వెళ్లి ఉంది. వడ్డిస్తూ చెప్పాను.

"గుమాస్తాను ఏమీ చెయ్యకండి. రాసేది ఆయన కాదు."

"నీకెట్ల ఎరుక?"

"రాసేది నేను."

ముద్ద నోటి దగ్గర ఆపి ఆయన నవ్వాడు. "నువ్వా? కిరాణం చిట్టీ రాస్తవనుకున్న గానీ..." నవ్వు అక్కడే ఆగిపోయింది. ముద్ద విస్తట్లో పెట్టేశాడు. "వాని కోసం నువ్వెందుకు మీదేసుకుంటున్నవ్?"

ఆయన కళ్లల్లో ఆ క్షణాన వచ్చిన అనుమానం వేరే రకం. నిజం చెబితే ఇలా అవుతుందని నేను ఊహించలేదు.

"పెళ్లినాటినుంచి నాన్నగారికి రాస్తున్నానండీ. ఆయనే పత్రికకు పంపిస్తారు."

"ఎవరో రాసింది సదివి కంఠతా పట్టినవ్."

"అయితే మీరే ఏదైనా విషయం చెప్పండి. మీ ముందే రాస్తాను."

ఆయన చెయ్యి కడుక్కుని, దుకాణం కాగితం ఒకటీ కలమూ తెచ్చి నా ముందు పడేశాడు. "కిరసనాయిలు మీద రాయి."

నేను కింద కూర్చుని రాశాను. ఆయన తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. మొదటి వాక్యం కొట్టేయాల్సి వచ్చింది. రాసింది ఇది: "కిరసనాయిలు కోసం ఆడవాళ్లు పొద్దున్నుంచి దుకాణం ముందు వరుసకట్టి నిలబడతారు. దుకాణం వెనక తలుపు దగ్గర ఎవరూ నిలబడరు. అక్కడికి వచ్చేవాళ్లకు నిలబడే పని ఉండదు. దీపాలు ఏ ఇళ్లలో వెలుగుతున్నాయో చూస్తే చాలు, నూనె ఏ తలుపున పోయిందో తహసీల్దారుగారికి తెలుస్తుంది."

ఆయన కాగితం తీసుకుని వెలుతురులోకి వెళ్లి చదివాడు. మళ్లీ చదివాడు.

"గిది ఎవరి దుకాణం?"

"మనది కాదు. ఎవరిదో మీకు తెలుసు కదా."

ఆయన కాగితం జేబులో దాచుకున్నాడు. "అమ్మకు ఎరుకనా?" అన్నాడు.

"లేదు."

"అన్నకు ఎరుకైతే మనం ఖతం," అని చెప్పులు తొడుక్కుని దుకాణానికి వెళ్లిపోయాడు. విస్తట్లో అన్నం అలాగే ఉండిపోయింది. ఆ సాయంత్రం అన్నగారితో మాత్రం, గుమాస్తాను గట్టిగా అడిగాననీ, ఆయన కాదనీ, ఆ మాట ఇక ఎత్తవద్దనీ చెప్పాడు. గుమాస్తా నౌకరీ పోలేదు.

తరువాత కొన్నాళ్లు మా ఆయన నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. నేను ఖాళీగా కూర్చుంటే చాలు, ఏం ఆలోచిస్తున్నానా అన్నట్టు చూసేవాడు. నేను గోడకేసి చూస్తే ఆయనా ఆ గోడకేసి చూసేవాడు. ఆ తరువాత ఉన్నట్టుండి భోజనం దగ్గర కబుర్లు చెప్పడం మొదలుపెట్టాడు. అంతకుముందు ఎప్పుడూ లేదు.

"కోదాడాయన తూము తూము అని కొట్లాడుతడు గద. ఆ రోడ్డు ఏడికి పోతదో ఎరుకనా నీకు? ఆయన మామిడితోటకు. గది రాస్తే బాగుంటది."

మరో రోజు, "వడ్లు నానిపోతున్నయంటే అన్న మాటల న్యాయం ఉన్నది. గోదాం అయినంక దవాఖాన సంగతి సూద్దాం," అన్నాడు.

నేను ఊఁ కొట్టాను. కానీ మనసులో ఒక ముల్లు గుచ్చుకుంది. పెళ్లయినప్పటినుంచీ దుకాణం మాట ఇంట్లో ఎత్తని మనిషి ఇప్పుడెందుకు ఇంత చెబుతున్నాడు? దవాఖాన అన్న నోరు గోదాం అనడం ఎప్పుడు మొదలుపెట్టింది? నా రాత ఆయన చేతికి ఒక కర్రలా దొరికిందేమో, దాంతో ఎవరినో కొట్టించాలని చూస్తున్నాడేమో అనిపించింది. కట్టుకున్నవాడి గురించి అలా ఆలోచించడం నాకే కష్టంగా ఉండింది. అయినా మామిడితోట సంగతి రాయలేదు. నా కళ్లతో చూశాక చూద్దామనుకున్నాను.

చూసే అవకాశం తొందరలోనే వచ్చింది. నాన్నగారికి జ్వరమని కబురొస్తే పుట్టింటికి బయలుదేరాను. కోదాడలో బస్సు దిగి, నాన్నగారు పంపిన బండి ఎక్కాను. కూలిన తూము ఆ దారిలోనే ఉంది. ముందురోజు వాన పడడంతో వాగు నీళ్లు దారి మీద పారుతున్నాయి. అవతలి గట్టున గడ్డిమోపులతో ఆడవాళ్లు నీళ్లు తగ్గేదాకా కూర్చుని ఉన్నారు. ఇవతల, సలహా సంఘంలో కూర్చునే ఆ ముసలాయన, పంచె ఎగగట్టి ఇద్దరు మనుషులతో రాళ్లు వేయిస్తున్నాడు.

నన్ను గుర్తుపట్టి దగ్గరకొచ్చాడు. "సూర్యాపేట షావుకారుగారి ఇల్లాలు కదూ? కాసేపు ఆగండమ్మా, ఎడ్లు బెదురుతాయి."

ఆగాం. ఊరికే అడిగినట్టు అడిగాను. "మీ మామిడితోట ఇటేనటగా బాబాయిగారూ?"

"తోటా? నాకు తోటెక్కడిదమ్మా? ఉన్న కాస్త పొలమూ హుజూర్‌నగర్ దారిలో ఉంది." ఆయన ముఖం మారింది. "ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరో అనుకుంటే విన్నాను."

ఆయన నన్ను తేరిపార చూశాడు. అడగబోయిన ఇంకో మాట అడగకుండా, వెళ్లి ఎద్దు ముక్కుతాడు పట్టుకుని మా బండిని నీళ్లు దాటించాడు.

నాన్నగారికి జ్వరం తగ్గుముఖం పట్టింది. మంచం మీద కూర్చుని అంతా విన్నారు.

"మీ ఆయన అబద్ధం చెప్పాడా, లేక ఆయనకు ఎవరైనా అబద్ధం చెప్పారా?"

"తెలియదు నాన్నగారూ."

"అది తెలిసేదాకా రాయకు. నువ్వు రాసిన దాన్ని జనం నమ్ముతున్నారు. మీ ఆయన కూడా అది గమనించే ఉంటాడు."

తిరిగి వచ్చాక మా ఆయనతో తూము మాట ఎత్తలేదు. ఆయనా తోట మాట మళ్లీ ఎత్తలేదు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చదువుకుంటూ తిరిగాం.

ఆ తరువాత కొద్ది రోజులకే మిర్యాలగూడలో బావగారింట్లో తొట్టెల పండుగ. మా తోటికోడలికి చాలా ఏళ్ల తరువాత కొడుకు పుట్టాడు. అందరం వెళ్లాం. ఆమె మనసులో ఏదీ దాచుకునే మనిషి కాదు. బిడ్డను నా ఒళ్లో పెట్టి, "నీకూ అయితడు సెల్లె, రంది పడకు," అంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, కాళ్లు ఆడిద్దాం రమ్మని నన్ను మిల్లు వెనక్కి తీసుకుపోయింది. వేములపల్లి దారి పక్కన పెద్ద ఖాళీ జాగా ఉంది. నాలుగు మూలలా కొత్తగా రాళ్లు పాతారు.

"సూసినవా? మొన్ననే కొన్నరు," అంది తోటికోడలు. "సర్కారు గోదాం గీడనే వస్తదట. జాగ మన కాడనే కొంటరట. మనకు మస్తు లాభం."

"మనకా అక్కా?"

"మరి? అత్తమ్మ పేరు మీద తీసుకున్నరు. అన్నదమ్ములకు సగం సగం. మీ ఆయన జెప్పలేదా నీకు?"

చెప్పలేదని అనలేకపోయాను. ఎండ కళ్లల్లో పడుతోందని చెప్పి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. అత్తమ్మకు తన పేరు మీద జాగా ఉన్న సంగతే తెలిసి ఉండదు.

వచ్చేటప్పుడు బండిలో అత్తమ్మ ఉంది, తోలేవాడు ఉన్నాడు. దారి పొడుగునా మాట్లాడలేదు. మర్నాడు మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చినప్పుడు అడిగాను.

"వేములపల్లి దారిలో జాగా చూశాను."

ఆయన తల ఎత్తలేదు. "వదిన సూపిచ్చిందా?"

"మీరు చూపించలేదు కదా."

"అన్న కొన్నడు. నన్ను సంతకం అడిగిండు, చేసిన. సర్కారు ఏడనో ఒక తాన కొనాలె గద. మన కాడ కొంటే తప్పేంది?"

"తప్పు లేకపోతే మీటింగులో ఎందుకు చెప్పలేదు?"

ఆయన మజ్జిగ గిన్నె దగ్గరకు జరుపుకున్నాడు.

"కోదాడాయనకు తోట ఉందని ఎవరు చెప్పారు?"

"అన్ననే."

"నేను ఆ దారినే పోయి చూసి వచ్చాను, మా ఊళ్లోనూ అడిగాను. తోట లేదు. ఆ దారిలో ఆయనకు సెంటు భూమి లేదు."

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. అది నటన కాదని నాకు తెలిసింది. అన్నగారు చెప్పాడు, ఈయన నమ్మాడు. నమ్మితే లాభం ఉంది కాబట్టి మళ్లీ అడగలేదు. ఆయన అబద్ధం చెప్పలేదన్న ఊరట ఒకపక్క, అబద్ధం అంత తేలిగ్గా మా ఇంట్లోకి వచ్చిందన్న కోపం ఒకపక్క. ఆ పూట ఇద్దరం అన్నం సరిగ్గా తినలేదు.

రెండు రోజులు ఆలోచించి రాశాను. గోదాము అవసరమేనని రాశాను, వడ్లు తడుస్తున్న మాట నిజం కాబట్టి. కానీ గోదాము కావాలని గట్టిగా అడుగుతున్నవాళ్లే దానికి జాగా ముందుగా కొనిపెట్టుకున్నారనీ, ఆ జాగా ఫలానా దారిలో ఫలానా మిల్లు వెనక ఉందనీ, సర్కారు సొమ్ము ఖర్చు మీద సలహా చెప్పేవాడు ఆ సొమ్ములో తనకు వచ్చేదెంతో ముందు చెప్పాలనీ రాశాను. అన్నదమ్ములిద్దరు అని కూడా రాశాను. పంపే ముందు ఆయన చేతికిచ్చాను.

ఆయన గుమ్మంలో కూర్చుని చదివాడు.

"మన ఇంటి మీద మనమే రాయాల్నా?"

"ఊళ్లో అందరి ఇళ్ల మీదా రాశాను కదండీ. కిరసనాయిలు మీద రాసినప్పుడు మీరే చదివారు."

"అచ్చయితే అన్న ఈ గడప తొక్కడు."

"వద్దంటారా?"

ఆయన కాగితం మడిచి నా పక్కన పెట్టి లేచాడు. అవుననలేదు, కాదనలేదు. ఆయన వెళ్లాక నేనే ఉత్తరం కట్టి, పక్కింటామెను తోడు తీసుకుని వెళ్లి పోస్టు డబ్బాలో వేశాను. వేశాక కూడా అనుమానమే. పోస్టు మాస్టరు మా దుకాణంలో బియ్యం తీసుకునేవాడు. మా ఆయన ఒక్క మాట చెబితే ఆ ఉత్తరం సూర్యాపేట దాటదు. ఆ వారమంతా ఆయన దుకాణం నుంచి కాస్త ఆలస్యంగా వస్తే, పోస్టాఫీసుకు వెళ్లి ఉంటాడనుకునేదాన్ని.

పత్రిక రాకముందే సంఘం కూర్చుంది. తహసీల్దారు, ఇక తేల్చాలి, సంవత్సరం దాటితే సొమ్ము వెనక్కి పోతుందన్నాడు. బావగారు, గోదాం అన్నాడు. తమ్ముడి వంతు రాగానే అన్న ధీమాగా వెనక్కి ఆనుకున్నాడు. నేను చాయ్ గ్లాసులు కింద పెట్టి తలుపు దగ్గరకొచ్చాను.

"గోదాముకు సూపిస్తున్న జాగ మాది," అన్నాడు మా ఆయన. "అన్నది, నాది. మొన్న కొన్నం. గది మీకు ముందుగాల జెప్పవలసి ఉండె. జెప్పలె. నేను మొదట దవాఖాన అన్న. ఇప్పుడూ గదే అంటున్న."

బావగారు మెల్లగా లేచాడు.

"నీకు ఎవరు నూరిపోసిండ్రురా?" అంటూ వసారాలో కూర్చున్న గుమాస్తా వైపు చూశాడు.

"ఎవరు లేరే అన్నా. నేనే అంటున్న."

"అమ్మ కడుపున ఇద్దరం పుట్టినం. ఇయ్యాల్టితోని ఒక్కన్నే అనుకుంట," అని బావగారు చాయ్ కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

కోదాడ రైతు గొంతు సవరించుకున్నాడు. మెచ్చుకుంటాడనుకున్నాను. "అయితే దవాఖానకే నా మాట కూడా," అన్నాడు. "కానీ తూము పేరు కూడా ఆ కాగితంలో రాయించండి. లేకపోతే నేను ఒప్పుకోను."

పత్రిక ఆ తరువాత వచ్చింది. నేను రాసింది రాసినట్టే ఉంది. ఊళ్లో చాలామంది, మీటింగులో షావుకారు చెప్పిందే పత్రికవాడు రాశాడనుకున్నారు. మా ఆయన తనంతట తాను చెప్పాడా, పత్రిక ఎలాగూ వస్తుందని చెప్పాడా? ఒకసారి అడిగాను. "వస్తదని ఎరుకనే గద," అన్నాడు. మరి కాస్త ఆగి, "రాకున్నా చెప్తుంటినేమో. ఏమో, నాకే తెలుస్తలేదు," అన్నాడు. ఆ జవాబును నేను నమ్మాను.

ఆస్తి పంచుకున్నారు. మిల్లూ, వేములపల్లి దారి జాగా బావగారికి, సూర్యాపేట దుకాణం మాకు. జాగాలో తరువాత ఆయన జొన్న వేశాడని విన్నాను. అత్తమ్మ కొన్నాళ్లు అక్కడా కొన్నాళ్లు ఇక్కడా ఉండేది. కొడుకులను విడగొట్టింది గుమాస్తానేనని ఆమె నమ్మకం. నేను చెప్పబోయినా వినలేదు. తోటికోడలు మాత్రం మనిషితో కబురు పంపింది, చెల్లె మీద నాకు కోపం లేదు, కానీ ఇగ ఏదీ చెప్పనని.

సొమ్ములో పెద్ద భాగం చివరకు పోలీసు క్వార్టర్లకే పోయింది. మిగిలిన దాంతో దవాఖాన వెనక ఆడవాళ్లకు రెండు గదులు కట్టారు. సున్నం వేశారు, తలుపులు పెట్టారు, తాళం వేశారు. నర్సు లేదు. గోడలకు ఒక పద్దు, మనిషి జీతానికి ఇంకో పద్దు అని తహసీల్దారు వివరించాడు. ఆ తాళం మీద నేను రెండుసార్లు రాశాను. మా ఆయన రెండుసార్లు నల్లగొండ వెళ్లి అధికారుల గుమ్మాల దగ్గర కూర్చుని వచ్చాడు. వానాకాలం మొదలయ్యాక గుంటూరు వైపు నుంచి ఒక నర్సమ్మ వచ్చింది. తాళం తుప్పుపట్టి రాకపోతే పగలగొట్టి లోపలికి వెళ్లిందట.

కోదాడ తూము కాగితంలోకి ఎక్కింది గానీ కట్టలేదు. ఆ వానల్లోనే ఒక రోజు ముసలాయన తడిసిన పంచెతో మా ఇంటికి వచ్చాడు. సంఘం అప్పటికే కూర్చోవడం మానేసింది. మా ఆయనతో, "ఆ పత్రికలో రాసేవాడెవరో మీకు తెలుసంటారు. తూము సంగతి కూడా రాయమని చెప్పండి," అన్నాడు.

"నాకు చెప్పండ్రి. చేరుతది," అన్నాడు మా ఆయన.

నేను చాయ్ తీసుకెళ్లి ముందు పెట్టాను. ముసలాయన నా వైపు చూడలేదు. గ్లాసు వైపే చూస్తూ, "నీళ్లు మోకాళ్ల దాకా వస్తున్నాయని రాయమనండి. నడుముల దాకా అని రాస్తే ఎవరైనా వచ్చి చూసి, అబద్ధమంటారు," అన్నాడు.

మోకాళ్ల దాకా అనే రాశాను.